మావయ్యకు వేసిన టైటిల్

మా మావయ్య మొదటిసారి గుండెపోటుతో పోయాడు. రెండోసారి నా చేతుల్లో పోయాడు. మొదటిదానికి డాక్టరుగారు కారణం చెప్పారు. రెండోదానికి చెప్పుకోవాల్సింది నేనే. నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వేయండి. నేనూ నవ్వుతూనే మొదలుపెడుతున్నాను.

అప్పుడు నేను డిగ్రీ తప్పి, జగ్గయ్యపేటలో ఒక వీడియో మిక్సింగ్ స్టూడియోలో చేరాను. పెళ్ళి క్యాసెట్ల మొదట్లో టైటిల్స్ వేయడం నా ఉద్యోగం. గులాబీ రేకులు రాలడం, రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకోవడం, వధూవరుల పేర్లు గిర్రున తిరిగొచ్చి నిలబడటం, అదంతా నా ప్రతిభే. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల జరిగిన పెళ్ళిళ్ళన్నింటిలోనూ ఒకే జత హంసలు కనబడతాయి. పాపం, ఎన్ని ముహూర్తాలకు పరిగెత్తాయో!

నా మనసు మాత్రం హంసల మీద ఉండేది కాదు. నందిగామ బస్టాండు పక్కన కంప్యూటర్ ఆటలు ఆడించే షాపులో ఉండేది. అక్కడ ఒక ఆట ఉండేది. ఆట ఎలా ఉంటుందో నన్నడగకండి, మొదటి గుమ్మం దాటకుండానే ప్రతిసారీ చచ్చిపోయేవాణ్ణి. నాకు తెలిసిందల్లా ఆటకు ముందు వచ్చే టైటిల్. తెరంతా నలుపు. గాలి చప్పుడు. చాలాసేపు అంతే. ఆ తర్వాత ఎక్కడో దూరాన చిన్న లాంతరు. దాన్ని పట్టుకుని ఒక మనిషి మనవైపు నడిచి వస్తుంటాడు. మొహం కనబడదు. అతను అడుగు వేసినప్పుడల్లా ఆట పేరులో ఒక అక్షరం పైకి తేలుతుంది. ఒక్క మాట ఉండదు. అయినా, వీడు చాలా కాలానికి ఇంటికి వస్తున్నాడని, ఆ ఇంట్లో వీడి కోసం ఎవరూ మిగల్లేదని మనకు తెలిసిపోతుంది. గుండె బరువెక్కిపోతుంది. ఇంక కత్తి పట్టుకుని గెంతడానికి ఓపికెక్కడిది?

పక్క కుర్రాళ్ళకు ఈ బాధ లేదు. టైటిల్ రాగానే తప్పించేయడానికి కీబోర్డు మీద పడేవాళ్ళు.

"నొక్కొద్దురా! పూర్తిగా రానివ్వండి!"

"ఆడుకోడానికొచ్చి గాలి చూస్తావేంటన్నా?"

"గాలి కాదురా, కథ!"

"కథైతే ఇంటికెళ్ళి మీ అమ్మని చెప్పమను!"

ఆ అజ్ఞానులకు ఏదో ఒకరోజు టైటిల్ అంటే ఏమిటో చూపించాలని నాలో నేను రగిలిపోతుండేవాణ్ణి. ఆ రోజు రానే వచ్చింది, రాకపోతే బాగుండేది.

మావయ్య అంటే మా మేనత్త భర్త. లారీ డ్రైవరు. నందిగామలో ఇల్లు. ఆయన పోయాక, పెద్దకర్మ దగ్గర పడుతుండగా అత్తయ్య నన్ను లోపలికి పిలిచి ఒక వీడియో క్యాసెట్ చేతిలో పెట్టింది. వేదాద్రిలో మా బంధువుల పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు తీసింది. కెమెరా పనిచేస్తోందో లేదో చూడటానికి ముందుగా పొంగలి వండే పొయ్యి దగ్గర కాసేపు తీశారు. అక్కడ మావయ్య గరిట పట్టుకుని నిలబడి, "ఏమే సుశీలా, ఇటు రా! మనల్ని టీవీలో చూపిస్తారంట, కొంగు సర్దుకో!" అని కేకేస్తాడు. మావయ్య గొంతు మిగిలింది ఆ ఒక్క చోటే.

"ఒరే శీనూ, ఫొటోకి దండేస్తే నాకు సరిపోవడం లేదురా. ఆయన పిలుపు వినాలనుంది. పెద్దకర్మ నాడు ఒక్కసారి వినిపిస్తావా?"

"ఉత్తినే వినిపించడం ఏంటత్తయ్యా! ముందు బ్రహ్మాండమైన టైటిల్ వేస్తా. చూసినోళ్ళు ఏడవాలి."

"ఇప్పుడు ఏడుపుకేం తక్కువైందిరా? ఆయన పిలిస్తే చాలు."

విన్నానా? వినలేదు. అప్పటికే నా బుర్రలో గాలి వీస్తోంది.

స్టూడియో ఓనరు కోటేశ్వర్రావుగారి దగ్గర కెమెరా అరువు తీసుకుని, హైవే పక్కన పరిటాల దారిలో పొద్దుగుంకే వేళ నిలబడ్డాను. దూరాన లారీ లైట్లు చిన్నగా మొదలై, పెద్దవై, తెరంతా నిండిపోయేదాకా తీశాను. గాలి చప్పుడు కోసం మైకులోకి నేనే ఊదాను. కళ్ళు తిరిగేదాకా ఊదాను. ఒక్కో హారన్‌కి మావయ్య పేరులో ఒక్కో అక్షరం. చివర్లో లైట్లు కళ్ళు చెదిరేలా వెలగ్గానే, ఆ వెలుగులోంచి మావయ్య నవ్వుతూ "ఏమే సుశీలా" అనాలి. అదీ నా పథకం.

"ముందు వేరే క్యాసెట్‌లోకి కాపీ తీసి, దానిమీద చెయ్యి. అసలుది ముట్టుకోకు" అన్నారు కోటేశ్వర్రావుగారు.

"కాపీ తీస్తే మావయ్య మొహం మసకేస్తుందండి."

"మసకేసినా మొహం ఉంటుంది కదయ్యా!"

"సరేనండి" అన్నాను. ఆయన భోజనానికి వెళ్ళగానే అసలు క్యాసెట్టే మెషీన్లో పెట్టాను. దాని మొదట్లో కాస్త ఖాళీ ఉంది, టైటిల్‌కి చాలనుకున్నాను. మెషీన్ రికార్డు చేయనంది. ఎవరో పుణ్యాత్ములు, పొరపాటున ఎవరూ దానిమీద రికార్డు చేయకుండా క్యాసెట్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కని ముందే విరగ్గొట్టి పెట్టారు. ఆ కన్నం మీద సెల్లో టేపు అంటిస్తే మెషీన్ మోసపోతుందని మా వృత్తిలో అందరికీ తెలుసు. అంటించాను.

టైటిల్ ఎక్కింది. వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఒళ్ళు గగుర్పొడిచింది. లైట్లు నిండగానే ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. లైట్ల తర్వాత ఏముందో చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక షామియానా కింద బెంచీ మీద టీవీ పెట్టారు. అత్తయ్యని ముందు చాప మీద కూర్చోబెట్టారు. గాలి మొదలైంది. జనం సద్దుమణిగారు. లైట్లు కనబడ్డాయి. హారన్ మోగింది. మావయ్య పేరు ఒక్కో అక్షరం తేలుతుంటే వెనక ఎవరో వెక్కిళ్ళు పెట్టారు. నేను గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, మహా దర్శకుడిలా నిలబడ్డాను. లైట్లు తెరంతా నిండిపోయాయి.

వాటిలోంచి, గుండుకి గంధం రాసుకుని, ముక్కు కారుతూ, నోరంతా తెరిచి కేరుమంటున్న ఒక పిల్లాడు వచ్చాడు.

"ఎవర్రా ఈ గుండు?"

"అయ్యో, మా బుజ్జిగాడండీ!" అని ఒకావిడ మురిసిపోయింది.

షామియానా మొత్తం ఒక్కసారి గొల్లున నవ్వింది. చావింట్లో నవ్వు ఎంత ఘోరంగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

"ఒరే, మీ మావయ్య ఏడిరా?"

"వస్తాడండీ, ముందుంటాడు, వస్తాడు" అంటూ టేపు ముందుకి పరిగెత్తించాను. డబ్బులు లెక్కపెట్టుకుంటూ మంగలి వచ్చాడు, పూజారి వచ్చాడు, కృష్ణ ఒడ్డు వచ్చింది, విస్తళ్ళు వచ్చాయి, చివరికి తెర మీద చీమలు వచ్చాయి. మావయ్య రాలేదు. పొయ్యి దగ్గర ఆయన నిలబడ్డ చోటంతా నా లారీ తొక్కేసింది.

జనం వెళ్ళిపోయారు. నేను టీవీ వెనక వైర్లు సర్దుతున్నట్టు దాక్కున్నాను.

"శీనూ, ఇంకోసారి ముందునుంచి వెయ్యి" అంది అత్తయ్య.

"అందులో మావయ్య లేడత్తయ్యా. నేనే చెరిపేశా."

"తెలుసులేరా. వెయ్యి."

వేశాను. లైట్లు దగ్గరికొచ్చాయి. తెర వెలుగుతో నిండే ముందు అత్తయ్య కొంగు సర్దుకుంది. పిల్లాడు రాకముందే నేను ఆపేశాను.

"బాగా తీశావురా. అచ్చం ఆయన బండి వస్తున్నట్టే ఉంది" అంది. చాప మీంచి లేస్తూ, "వచ్చాడు గానీ, పిలవలేదు" అంది.

రెండు లెంపకాయలు కొట్టి ఉంటే నా బతుకు తేలికయ్యేది. ఆవిడ కొట్టలేదు. పళ్ళెంలో గారె పెట్టి తెచ్చి తినమంది. ఏడుస్తూ తిన్నాను.

కనుక పాఠకులారా, నందిగామ బస్టాండు సాక్షిగా, నా హంసల జంట సాక్షిగా శపథం చేస్తున్నాను: ఇకపై ఎవరి గొంతు ఉన్న టేపు మీదా నా పనితనం చూపించను. ఎంత గొప్ప టైటిల్ తోచినా సరే, ముందు మనిషిని చివరిదాకా విని గాని మెషీన్ మీద చెయ్యి వేయను. ఈ శపథం తప్పుతానన్న భయం మీకు అక్కర్లేదు. ఆ టేపులూ పోయాయి, ఆ మెషీన్లూ పోయాయి, వినిపించమని అడగడానికి అత్తయ్యా లేదు.