రోటాలో దొరికిన మూడు పగళ్ళు

2025 జూలై 12, శనివారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు మాంచెస్టర్ విమానాశ్రయంలో నా స్నేహితురాలు పెట్టె లాక్కుంటూ బయటికి వచ్చింది. గుంటూరులో నర్సింగు చదివినన్నాళ్ళూ హాస్టల్లో మాది ఒకే గది. ఆమెది కాకినాడ దగ్గర ఊరు. దగ్గరికి వచ్చి, రెండు చేతులతో నా భుజాలు పట్టుకుని, వార్డులో కొత్తగా చేరిన మనిషిని చూసినట్టు పైనుంచి కిందికి చూసింది.

"చిక్కిపోయావే. ఇక్కడ తిండి లేదా, తినే తీరిక లేదా?"

రెండోదే. నేను పెట్టె అందుకున్నాను.

ఆమె తొమ్మిది రోజులకని వచ్చింది. దిగిన రోజు నాకు షిఫ్టు మధ్యాహ్నం మూడింటికి. ఆ తొమ్మిదింటిలో నాకు రోటాలో, అంటే పని వేళల పట్టికలో, సెలవు పడినవి ఆదివారం, బుధవారం, ఆపై శనివారం. షెఫీల్డ్‌లోని ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో నేను సీనియర్ కేరర్‌ని. ఇండియాలో పద్దెనిమిదేళ్ళు వార్డులు నడిపినా ఇక్కడ నర్సుగా రిజిస్ట్రేషన్ కాలేదు. నా వీసా ఆ హోమ్ ఇచ్చిన స్పాన్సర్‌షిప్‌తో ముడిపడి ఉంది. ఉద్యోగం వదిలితే, ఇంకొక స్పాన్సర్ దొరకకపోతే, అరవై రోజుల్లో నేనూ, నా వీసా మీద ఆధారపడిన పదిహేడేళ్ళ నా కూతురూ దేశం విడిచిపోవాలి. ఐదేళ్ళు నిండితే ఇక్కడ స్థిరపడేందుకు దరఖాస్తు చేసుకోవచ్చన్న నమ్మకంతో వచ్చాం. నాలుగు నిండబోతున్న సమయంలో, ఆ ఐదును పది చేసే ఆలోచన ఉందని మే నెలలో ప్రభుత్వం ప్రకటించింది. ఇప్పటికే వచ్చినవాళ్ళకు కూడా అది వర్తిస్తుందా అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

అదే నెలలో నా స్నేహితురాలు ఫోన్ చేసింది. తన ఊళ్ళో నర్సింగు సహాయకులకు శిక్షణ ఇచ్చే బడి ఒకటి సెప్టెంబరులో తెరుస్తున్నాననీ, దానికి ప్రిన్సిపాల్‌గా నన్ను రమ్మనీ అడిగింది. "చూద్దాం" అన్నాను.

ఆదివారం క్లీథోర్ప్స్ వెళ్ళాం. షెఫీల్డ్ నుంచి రైలు మారకుండా చేరగలిగిన సముద్రం అది. పులిహోర డబ్బా, రెండు గొడుగులు, ఆమె కొత్తగా కొనుక్కున్న గడ్డిటోపీతో దిగాం. స్టేషను దాటగానే ఇసుక కనిపించింది. ఆ ఇసుక వెనక బురద, ఆ బురద వెనక మరింత బురద, చాలా దూరంలో ఒక బూడిదరంగు గీత. ఆటుకు నీళ్ళు అంత దూరం తగ్గిపోతాయని నాకు తెలుసు. రోటాలో దొరికిన రోజునే వెళ్ళాలి కనుక పోటు వేళలు చూడలేదు.

"సముద్రం ఏదే?" అంది ఆమె.

"వెనక్కి పోయింది. సాయంత్రం వస్తుంది."

"మీ దేశంలో సముద్రానికి కూడా రోటా ఉందన్నమాట."

ఆమె నవ్వుతుండగానే గాలికి టోపీ ఎగిరి బురదలోకి పోయింది. అక్కడికి వెళ్ళవద్దని బోర్డు ఉంది. అది దొర్లుతూ దొర్లుతూ చిన్నదవడం చూస్తూ ఇద్దరం పులిహోర తిన్నాం. నీళ్ళు రావడానికి ఇంకా రెండు గంటలుందనగా మేం తిరుగు రైలెక్కాం. మరునాడు నాకు ఉదయం ఏడింటికి షిఫ్టు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె మా అమ్మాయిని సెప్టెంబరు సంగతి అడిగింది. అమ్మ వస్తే నువ్వు ఏం చేస్తావు, వెంట వస్తావా, ఇక్కడే చదువుకుంటావా అని. మా అమ్మాయికి తెలుగంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం షెఫీల్డ్ యాసలో ఇంగ్లీషులో వస్తుంది. "షీ సెడ్ చూద్దాం, రైట్?" అని అడిగింది. అవునంది నా స్నేహితురాలు. "ఆంటీ, ఇన్ దిస్ హౌస్ చూద్దాం మీన్స్ నో."

నా స్నేహితురాలు నవ్వింది. తరువాత కంచం తీసి కడిగేసింది. ఆమె పెరుగన్నం కలుపుకోకుండా భోజనం ముగించడం నేను ఎన్నడూ చూడలేదు.

బుధవారం యార్క్. కోట గోడ మీద కాలిబాట ఉంది. ఒకరి వెనక ఒకరం నడిచాం. ఆమె బడి మాట ఎత్తలేదు. పెద్ద చర్చి వైపు తిరిగే మలుపు దగ్గర నా ఫోన్ మోగింది. హోమ్ మేనేజర్. సాయంత్రం షిఫ్టులో ఒకరికి ఒంట్లో బాగోలేదట, బదులుగా మూడింటికి రాగలవా అని మర్యాదగానే అడిగింది. వస్తానన్నాను. ఆ హోమ్‌లో నన్ను ఎవరూ బెదిరించలేదు. ఆ మాట స్పష్టంగా రాయాలి. కాని నా వీసా కాగితం మీద ఎవరి పేరు ఉందో తెలిశాక, కాదనడానికి నాకు నోరు రాదు. గోడ దిగే మెట్ల కోసం వెనక్కి నడిచాం. నా స్నేహితురాలు చర్చిని రైలు కిటికీలోంచే చూసింది.

శనివారం, కొండల మధ్య ఉన్న చిన్న ఊరికి వెళ్ళాం. ఆ ఊరి పేరు హోప్. టికెట్ మీద ఆ పేరు చదివి ఆమె, "ఆశకి కూడా రిటర్న్ టికెట్టే తీసుకున్నావా?" అంది. కొండెక్కాం, గొర్రెల్ని చూశాం, వాగులో కాళ్ళు పెట్టాం. ఈ మూడు రోజుల్లో నేను గడియారం చూసుకోని గంట అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో, షెఫీల్డ్‌కు ముందున్న పొడవాటి సొరంగంలో రైలు ఆగిపోయింది. ముందు సిగ్నల్ ఎర్రగా ఉందని గార్డు చెప్పాడు. ఎప్పటిదాకా ఉంటుందో చెప్పలేదు. కిటికీ అద్దంలో మా ఇద్దరి ముఖాలే కనిపిస్తున్నాయి. ఫోన్లకు సిగ్నల్ లేదు. ఆమె తన ఫోన్‌లో ఒక పాత ఫోటో తెరిచి నా చేతికిచ్చింది. కొత్తగా సున్నం వేసిన గది, తలుపు పైన నీలిరంగు బోర్డు, దాని మీద తెల్లని అక్షరాలతో నా పేరు, దాని కింద ప్రిన్సిపాల్ అని. మే నెలలోనే రాయించిందట.

"నేను చూద్దామని మాత్రమే కదా అన్నాను," అన్నాను.

"అందుకే రాయించాను. హాస్టల్లో నువ్వు చూద్దామన్నది ఏదైనా ఆగిందా? గేటు పాసు, నైట్ డ్యూటీ మార్పించడం, మా చెల్లి పెళ్ళికి నాకు సెలవు. ప్రొద్దున చూద్దామంటే సాయంత్రానికి అయిపోయేది. మొన్న పిల్ల చెప్పేదాకా నాకు తెలీదు, ఇక్కడికొచ్చాక ఆ మాటకి అర్థం మారిపోయిందని."

ఆమె చెప్పింది నిజం. ఆ అర్థం ఏ రోజున మారిందో నా డైరీలో వెతికినా దొరకదు.

పిల్లకు వచ్చే వేసవిలో పరీక్షలున్నాయని చెప్పాను. ఐదు ఐదుగానే ఉంటే అప్పటికి దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, పది అయితే ఆపైన ఇంకా ఐదేళ్ళనీ, మధ్యలో వదిలితే గడిచిన నాలుగేళ్ళూ వృథా అయి పిల్ల చదువు సగంలో ఆగిపోతుందనీ చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"సరే. రాలేనంటావా, రానంటావా? ఏదో ఒకటి చెప్పు. రాలేనంటే ఆ కుర్చీ అలాగే ఉంచుతాను, ఎన్నాళ్ళైనా. రానంటే ఇంకొకర్ని వెతుక్కుంటాను."

రాలేనన్నది నిజం. కాని ఆమె మాటంటే మాటే, ఉంచుతానంటే ఉంచేస్తుంది. అర్హత ఉన్న ప్రిన్సిపాల్ లేకపోతే బడికి అనుమతి రాదు. అనుమతి లేకపోతే ఆ గదిలో సెప్టెంబరులో పిల్లలు కూర్చోరు. ఎప్పుడు ముగుస్తుందో చెప్పని ఎదురుచూపులో నేను ఉన్నాను. ఆమెను కూడా అందులోకి తీసుకురావడం నాకు సమ్మతం కాలేదు.

"రాను," అన్నాను.

ఆమె నావైపు కాక అద్దంలోని నావైపు చూసింది. "నీకు అబద్ధం చెప్పడం ఇప్పటికీ రాదే," అంది. ఫోన్ తీసుకుని సంచిలో పెట్టుకుంది. కొంతసేపటికి రైలు కదిలింది. సొరంగం దాటాక ఎండ ఉంది. ఆమె గొర్రెల గురించి ఏదో అడిగింది, నేను చెప్పాను.

ఆదివారం ఆమె తిరుగు ప్రయాణం. నాకు షిఫ్టు. మా అమ్మాయి విమానాశ్రయం దాకా వెళ్ళి దింపింది. "మళ్ళీ రండి ఆంటీ" అని తెలుగులోనే చెప్పిందని నా స్నేహితురాలు తరువాత ఫోన్‌లో చెప్పింది. బడి సెప్టెంబరులో అనుకున్న తేదీకే తెరిచారు. ప్రిన్సిపాల్ రాజమండ్రి ఆవిడ. పని బాగా తెలిసిన మనిషట.

లెక్క ఇది. పోయినవి: ఒక గడ్డిటోపీ, యార్క్‌లో సగం రోజు, క్లీథోర్ప్స్‌లో సముద్రం, నా పేరున్న బోర్డు (దాని మీద ఇప్పుడు అదే నీలం వేసి వేరే పేరు రాశారు), మా ఇద్దరి మధ్య 'చూద్దాం' అన్న మాటకున్న పాత అర్థం. మిగిలినవి: ఉద్యోగం, పిల్ల చదువు, ఇంకా పోని ఆ పాత ఐదేళ్ళ ఆశ, పులిహోర డబ్బా, ఆదివారం ఆమె చేసే ఫోన్. రాలేనన్న మాట కూడా నా దగ్గరే ఉండిపోయింది. ఆమె మళ్ళీ అడగలేదు.