రెండు మెట్లు కిందికి

సాయంత్రం ఆరున్నరకు మా ఆయన మాదాపూర్ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని గిటారు తీసేవారు. నేను కూర తరుగుతూ పాట అందుకునేదాన్ని. ఇప్పుడు మధ్యాహ్నమే ఏదో ఒకటి వండేసి, ఆ వేళకు తలుపు వేసుకుంటున్నాను.

ఆయన పేరు నరసింహమూర్తి. కాకినాడ మనిషి. పెళ్ళిళ్ళలో గిటారు వాయించి బతుకుదామనుకున్నారు, కుదరలేదు. ఇక్కడ కొండరాళ్ళు పేల్చి పెద్ద పెద్ద ఆఫీసులు కడుతున్నారని విని, తొంభై ఆరులో నన్ను తీసుకుని చందానగర్ వచ్చారు. ఒక కాంట్రాక్టరు దగ్గర సిమెంటు గోడౌను చూసుకునేవారు. తలలో సిమెంటు, గోళ్ళలో సిమెంటు. ఆదివారాలు మాత్రం పార్థసారథి గారి ఆర్కెస్ట్రాలో వాయించేవారు.

నాది లావు గొంతు. పేరంటాల్లో మా అమ్మ నన్ను పాడనిచ్చేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఈయన వాయిస్తుంటే అందుకోలేక మధ్యలోనే ఆగిపోయాను. "నీ గొంతు పైకి రాకపోతే గిటారే కిందికి వస్తుంది," అన్నారు. మూడో తీగను నా గొంతు అడుగు స్వరానికి కలిపి, మిగతా అయిదింటినీ దానికి కలిపారు. ఆరు తీగలూ శ్రుతిలో రెండేసి మెట్లు దిగాయి. ఆదివారం ఆర్కెస్ట్రా కోసం బిగించడం, సోమవారం నా కోసం వదులు చేయడం. ఈ లాగుడుకు తీగలు తెగుతూ ఉండేవి.

పై వాటాలో ఉండే ఇంటి ఓనరు మల్లమ్మ ఒకసారి అడిగింది: "ఏందమ్మా, మీ ఇంట్ల ఎవరో మగాయన పాడుతుండు, మీ అన్న వచ్చిండా?" మా ఆయన మూడు రోజులు నవ్వారు.

పోయిన నెల ఒక బుధవారం గోడౌనులోనే గుండె ఆగి పోయారు. గిటారు దించిన శ్రుతిలోనే ఉండిపోయింది. తీగలు బిగించే ఆ మరలు ఆఖరున తిప్పింది ఆయన చేతులే. నేను ముట్టుకోలేదు.

మాసికం నాడు పార్థసారథి గారు, ఆయన భార్య రాజరాజేశ్వరి గారు భోజనానికి వచ్చారు. నేను వంటింట్లోంచి మంచినీళ్ళు తెచ్చేసరికి పార్థసారథి గారు గారెలు తిన్న చేతితోనే గిటారు ఒళ్ళో పెట్టుకున్నారు. నూనె వేళ్ళు తీగల మీద జారుతున్నాయి. పట్టించుకునేవాళ్ళు లేక సడలిపోయాయంటూ అప్పటికే మూడు తీగలు బిగించేశారు. మూడో తీగ కూడా.

"సడలింది కాదు అన్నయ్యగారూ. ఆయన దించి పెట్టుకున్నది," అన్నాను.

రాజరాజేశ్వరి గారు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ నవ్వారు. "మర్చిపోయారా ఏమండీ? పెళ్ళాం కోసం గిటారును గేదెలా అరిపిస్తాడని మీరే కదా అనేవారు."

ఆయనా నవ్వారు. నవ్వుతూనే మిగతా మూడూ బిగించారు. ఆర్కెస్ట్రాలో కొత్తగా చేరినతనికి గిటారు లేదట. "ఆదివారం వచ్చి తీసుకెళతాను, సంచిలో పెట్టి ఉంచమ్మా," అన్నారు. ఇస్తావా అని అడగలేదు. తిథి నాడు ఇంటికి వచ్చినవాళ్ళను మాట అనకూడదని గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. మా ఆయన ఇన్నేళ్ళూ వీళ్ళ పక్కన కూర్చుని వాయించారు. వీళ్ళకు నేను మారు వడ్డించాను. నా చేతులను చూస్తే నాకే రోత పుట్టింది.

వాళ్ళు వెళ్ళాక తడిగుడ్డతో ఒక్కో తీగా తుడిచాను. గుడ్డ జిడ్డయి మినప వాసన కొట్టింది, బయట పారేశాను. తర్వాత గొంతు విప్పి, దాని అడుగు వెతుక్కుంటూ మూడో తీగ మర తిప్పాను. నెల రోజుల ఏడుపుకి నా గొంతు ఇంకా దిగిపోయినట్టుంది. ఆయన పెట్టిన చోటు దాటి ఇంకాస్త కిందికి పోతే గానీ తీగ కలవలేదు. మిగతావి ఆయన ఎక్కడ నొక్కి చూసేవారో అక్కడే నొక్కి, ఒక్కొక్కటీ కలుపుకున్నాను. పొద్దు పోయింది.

ఆదివారం పొద్దున పార్థసారథి గారి స్కూటరు గేటు దగ్గర ఆగింది. గిటారు మంచం మీద ఉంది. సంచి తలుపు వెనక మేకుకే ఉంది. దాన్ని నేను దించలేదు.