పండ్ల ఎగుమతుల చార్టు, ముత్తమ్మ జవాబు

2006లో నేను భద్రాచలంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌ని. మాది మధిర. ఇక్కడ కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. వారమంతా క్లాసులతో గడిచిపోయేది గానీ, ఆదివారం వచ్చిందంటే గోడలతో మాట్లాడుకోవాల్సిందే. దిగులుగా ఉండేది, దాచడమెందుకు? అందుకే ముత్తమ్మ ఆదివారాలు ట్యూషన్ చెప్పమని అడగ్గానే సరేనన్నాను.

ముత్తమ్మ అడవి లోపలి పల్లెలో అంగన్‌వాడీ టీచర్. డిగ్రీలో ఇంగ్లీషు ఒక్కటే మిగిలిపోయింది. అది గట్టెక్కితే సూపర్‌వైజర్ పోస్టుకు పెట్టుకోవచ్చు. ఈసారి తప్పిందంటే ఆ పోస్టుకు వయసు దాటిపోతుంది.

ఆమెకు కొరకరాని కొయ్యలా ఉన్నది 'ఇన్ఫర్మేషన్ ట్రాన్స్‌ఫర్' ప్రశ్న. అంటే, ఒక చార్టు ఇస్తారు, అందులో ఉన్నది వాక్యాల్లో చెప్పాలి. ఏది పెరిగింది, ఏది తగ్గింది, అంతే. సొంత కారణాలు రాస్తే మార్కులు పోతాయి.

నెలవారీ పండ్ల ఎగుమతుల బార్ చార్టు గీసిచ్చాను. మార్చిలో మామిడి గడి ఖాళీ, మే నెలలో నిలువెత్తు బార్. పండుగ కాలేదు కాబట్టి మార్చిలో ఎవరూ కాయ తెంపలేదని ఇంగ్లీషులో రాసుకొచ్చింది!

"ఇదేం చోద్యం ముత్తమ్మా! చార్టులో పండుగ ఎక్కడుంది?"

"కొత్త మామిడి పండుగ జేసి పెద్దలకు పెట్టనిదే మేం కాయ ముట్టం మేడం. గందుకే లేదనుకున్న."

"ఓడలకెక్కించే వాళ్లకు మీ పండుగతో ఏం పని తల్లీ?"

"మరి గా నెల పని లేక తోటల కూలోళ్లు ఏం దిన్నరు?"

నాకు తిక్క రేగింది. అరటి తగ్గితే గాలివాన అని రాసేది, ద్రాక్ష తగ్గితే కూలోళ్లకు జరమొచ్చిందని రాసేది. "కంటికి కనబడిందే రాయి, మనసులోది రాయకు" అని ప్రతి ఆదివారం నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

రిజల్ట్స్ వచ్చాక గదికి వచ్చింది. పాసైంది! పరీక్షలోనూ చార్టే వచ్చిందట.

"ఉన్నదే రాసిన మేడం. కడుపులున్నది కడుపులనే ఉంచుకున్న" అని నవ్వింది.

ఆమెను గట్టిగా కావలించుకున్నాను. లోపల మాత్రం ఉసూరుమంది. ఇక ఆమె రాదు. గడప దాటబోతూ ఆగింది.

"ఇగ ఐతారం మీరేం జేస్తరు మేడం?"

అప్పటిదాకా నా సర్వీసులో ఏ స్టూడెంటూ అడగని మాట. ఏముంది, బట్టలుతుక్కుంటానన్నాను. ఆమె నమ్మలేదు. నా కళ్లల్లో నీళ్లు చూసి, మళ్లీ లోపలికి వచ్చి కూర్చుంది.

గడి ఖాళీగా ఉంటే దాని వెనక మనిషి ఎట్లా ఉన్నాడోనని చూడటం ఆమె అలవాటు. పరీక్ష కోసం దాన్ని పేపర్లో మాన్పించగలిగాను. బయట మానలేదు, నా అదృష్టం.