లక్ష్మీరాజానికి లేని రోగం

కరీంనగర్ సిటీ బస్సు కండక్టర్ లక్ష్మీరాజానికి లేని రోగమంటూ లేదు. సొంత రోగాలు చాలవన్నట్టు, టికెట్టు కొన్నవాళ్ల రోగాలు కూడా తగిలించుకునేవాడు. కొత్తపల్లిలో ఎక్కిన ముసలమ్మ నడుం నొప్పంటే చాలు, బస్సు రేకుర్తి చేరేలోగా ఈయన నడుం పట్టుకునేవాడు. "జర ఆగవ్వా, నాక్కూడా గక్కడ్నే గుంజుతుంది" అనేవాడు. ఒకరోజు నిండు గర్భిణి ఎక్కింది. డ్రైవర్ ఇర్షాద్ అద్దంలో చూసి, స్టీరింగ్ వదిలి మరీ దండం పెట్టాడు.

"అన్నా, గదొక్కటి వద్దే!"

ఈ రోగాల పుట్టకు కాపలాకాయడం ఇర్షాద్ నుదుట రాసిపెట్టి ఉంది. డ్యూటీ దిగగానే లక్ష్మీరాజం ఛాతీ రుద్దుకుంటూ వచ్చేవాడు.

"తమ్మీ, మంట లేస్తుంది. దవాఖానకు పోదాం పా."

"నువ్వు పోరాదే!"

"ఒక్కణ్నే పోవాల్నంటే భయం."

తీరా అక్కడికి వెళ్లాక, "ముందుగాల నువ్వు కూసో. సూది నొప్పి లేస్తదో లేదో నీ మొఖం చూస్తె ఎరుకైతది" అనేవాడు. ఇర్షాద్ కూర్చునేవాడు. నర్సు సూది తీసేసరికి లక్ష్మీరాజం టీ తాగొస్తానని మాయం. అలాంటి ఒక దఫాలోనే, రక్తపరీక్ష వెంట స్కానింగ్ కూడా తీస్తే, ఇర్షాద్ పిత్తాశయంలో రాళ్లు బయటపడ్డాయి. కడుపు కోసి తీశారు. డిపోలో ఎవరు కనిపించినా ఇర్షాద్ చొక్కా ఎత్తి కుట్లు చూపించేవాడు.

"మంట ఆయనది, కోత నాకు! గిదేం న్యాయమో చెప్పుండ్రి."

అంతా బాగానే ఉంది అనుకుంటుండగా, బస్సులు నడిపే కంపెనీకి ఉన్నట్టుండి కార్మికుల ఆరోగ్యం మీద ప్రేమ పొంగుకొచ్చింది. పొంగి, ఆరోగ్య బీమా ఖర్చులో సగం ఇకనుంచి కార్మికులే కట్టుకోవాలని నోటీసు అంటించింది. అంత ప్రేమను తట్టుకోలేక కార్మికులు బస్సులు ఆపేసి, డిపో గేటు ముందు టెంటు వేసుకున్నారు. అందరికంటే పరేషాన్‌లో ఉన్నది డిపో ఊడ్చే ఐలవ్వ. ఆమెకు గర్భసంచి ఆపరేషన్ చేయాలని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆ సగం వాటా పడితే ఆమె జీతంలో మిగిలేది చీపురు పుల్లలే. బీమా ఉంటే ఆపరేషన్, లేకపోతే లేదు.

టెంటులో లక్ష్మీరాజానికి పండగే. అన్ని రోగాలూ ఒకే చోట దొరికాయి. నిరాహార దీక్షలో కూర్చున్న యూనియన్ నాయకుడు సుధాకర్‌కు కళ్లు తిరిగితే, పూటపూటా తింటున్న లక్ష్మీరాజం దబ్బున కింద పడ్డాడు.

ఆ మధ్యాహ్నమే కంపెనీ అధికారి మమతారాణి కాగితం పట్టుకుని వచ్చింది.

"మీ అందరి మీదా మాకేం కోపం లేదండీ. నెలనెలా ఆసుపత్రి మెట్లెక్కేది ఒక్కాయనే. లక్ష్మీరాజం గారిని బీమాలోంచి తీసేద్దాం. మిగతావాళ్లకు పాత పద్ధతే. ఇక్కడ సంతకం పెట్టి బస్సులు తీయండి."

ఏం బుర్ర! ఇంత పెద్ద కంపెనీ ఒక్క మనిషి నడుం నొప్పికి కుదేలైందన్నమాట. కానీ టెంటులో ఎవరూ నవ్వలేదు. సుధాకర్ పెన్ను తీసుకున్నాడు. ఇర్షాద్‌కు కూడా బేరం బాగానే ఉందనిపించింది. ఉత్తుత్తి రోగాలవాడికి బీమా ఎందుకు? ఐలవ్వ ప్రాణమైనా దక్కుతుంది.

లక్ష్మీరాజం లేచి నిలబడ్డాడు. నడుం పట్టుకోలేదు.

"పెట్టు సుధాకరూ, ఫికర్ చెయ్యకు. నాకే రోగం లేదు. ఎన్నడు లేకుండె."

టెంటంతా నోరు తెరిచింది.

"మరి గా ఛాతీల మంట?" అన్నాడు ఇర్షాద్.

"గది నీదేనాయె. సీటు కింద గోలీలు దాచి మింగుతుంటె చూసిన. దవాఖానకు పోరా అంటె పోయెటోనివా నువ్వు?"

ఐలవ్వ దగ్గరికి వచ్చింది. "తమ్మీ, నన్ను దవాఖానకు తోలుకపోయిన నాడు లైన్ల నిలవడి, నాకు మొలలున్నయని గంతగనం ఎందుకు ఒర్రితివి?"

"అందరు నా దిక్కు చూడాల్నని ఒర్రిన అక్కా. డాక్టరమ్మ గదిలకు పోతుంటె ఎవలన్న చూస్తరని నువ్వు సిగ్గువడితివి. ఎవ్వలన్న చూసిండ్రా మరి?"

ఎవరూ చూడలేదు. ఆరోజు దవాఖాన మొత్తం లక్ష్మీరాజం మొలల గురించే మాట్లాడుకుంది.

ఇర్షాద్‌కు చచ్చేంత సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ తనను బకరా చేసి బతికించినందుకు ఈ మనిషిని కొట్టాలో, కావలించుకోవాలో తెలియలేదు.

ఐలవ్వకు ఆ తికమక లేదు. "సుధాకరూ, పెన్ను కింద వెట్టు. నా ఆపరేషన్ అయితె అయితది, లేకుంటె లేదు. గా కాయిదం మీద సంతకం వెట్టినవో, చీపురు తిరగేస్త!"

"తీసేస్తె అందర్ని తీసెయ్యుండ్రి మేడం" అన్నాడు ఇర్షాద్. "ఆయన మెట్లెక్కింది మా రోగాలకు."

మమతారాణి కాగితం మడిచి వెళ్లిపోయింది. బస్సుల్లేక ఊరు ఊరంతా కంపెనీని దుమ్మెత్తిపోసింది. వారం తిరక్కముందే కంపెనీకి మళ్లీ ప్రేమ పొంగింది. ఈసారి ఖర్చంతా తానే పెట్టుకుంటానంది.

ఐలవ్వ ఆపరేషన్ సలక్షణంగా జరిగింది. చూడ్డానికి డిపో మొత్తం పోయింది. మంచం మీంచే ఆమె లక్ష్మీరాజాన్ని నిలదీసింది.

"అందరికి పరీక్షలు చేపిస్తివి. నువ్వెన్నడన్న చేపిచ్చుకున్నవా?"

లక్ష్మీరాజం తలుపు వైపు జరిగాడు. "టీ..." అన్నాడు. ఈ మహానుభావుడికి సూదంటే నిజంగానే ప్రాణభయమన్న సంగతి అప్పుడుగానీ బయటపడలేదు. నలుగురూ ఎత్తుకెళ్లి కుర్చీలో కుదేశారు. డిపో మొత్తం వెనకే గదిలోకి దూరింది.

"గింతమంది ఏంది? పేషెంటు ఎంబడి ఒక్కరే ఉండాలె" అని నర్సు కేకలేసింది. "మీల ఈయన ఇంటోళ్లెవ్వరు?"

ఒక్కరూ బయటికి కదల్లేదు. ఇర్షాద్ అప్పటికే కుర్చీ వెనక చేరి, లక్ష్మీరాజం కళ్లు రెండూ చేతులతో మూసి నిలబడ్డాడు.