కుంట సంతలో రజియా ఖాలా పట్టుకున్న చెయ్యి

నిన్న పొద్దున పాల్వంచ నుంచి రజియా ఖాలా కూతురు షాహీన్ ఫోన్ చేసింది.

"పద్మక్కా, అమ్మీ లేదు" అంది.

"ఎటు పోయింది?" అన్నాను నేను.

నిజంగా అట్లాగే అడిగాను. షాహీన్ ఏడుపు వినపడ్డాక గానీ నాకు అర్థం కాలేదు.

ఖమ్మంలో బస్సెక్కి వెళ్లేసరికి జనాజా సిద్ధంగా ఉంది. సాయంత్రానికి అంతా అయిపోయింది.

మీలో చాలామందికి రజియా ఖాలా తెలియదు. పాల్వంచలో మా కాలనీ గేటు ఎదురుగా లేడీస్ టైలర్. ఖాలా అంటే పిన్ని, అందరం అట్లాగే పిలిచేవాళ్లం. ఎనభైల్లో వైరా నుంచి కొత్త కోడలిగా ఆ కాలనీకి వచ్చినప్పుడు నాకు అక్కడ ఒక్క మనిషీ తెలియదు. మా ఆయనవి షిఫ్ట్ డ్యూటీలు. జాకెట్ కుట్టించుకోవడానికి వెళ్లి, రోజూ ఖాలా దగ్గరే కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

నెలకో రెండు నెలలకో ఖాలా మమ్మల్ని నలుగురైదుగురు ఆడవాళ్లను కుంట సంతకు తీసుకుపోయేది.

కుంట బోర్డర్ అవతల. అప్పటికి మధ్యప్రదేశ్. ఫస్ట్ బస్సుకు భద్రాచలం, అక్కడ బస్సు మారి అడవిలో చాలా దూరం. చింతపండు, మొర్రిపప్పు, తేనె, వెదురు చాటలు కొనుక్కుని పొద్దుగూకేలోపు తిరుగు ప్రయాణం. చవక అని ఇంట్లో చెప్పేవాళ్లం. బస్సు ఛార్జీలు కలిపితే ఏమంత చవకా కాదు. మాకు అదొక పిక్నిక్.

ఖాలా ఉర్దూ అక్కడ హిందీగా చెల్లిపోయేది. బేరాలన్నీ ఆమెవే.

సంతలో జేబుదొంగల బెడద ఎక్కువ. అందుకని మా అందరి లంగాలకూ లోపలివైపు ఒక జేబు కుట్టి ఇచ్చింది ఖాలా. దొంగ జేబు. బస్సు డోర్ దగ్గర ఎవరైనా "అమ్మా, ఏదో కింద పడింది" అంటే కిందికి చూడొద్దని, చెయ్యి జేబు మీదే ఉంచమని ప్రతిసారీ చెప్పేది.

ఒకసారి భద్రాచలం దాటాక నా చెవులు చూసింది.

"గా కమ్మలేందే? సంతకు గింత బంగారం పెట్టుకొని వస్తరా? తీసి లోపల పెట్టు."

తీశాను. కానీ నిండు బస్సులో చీర సర్దుకుని లోపలి జేబులో పెట్టుకోవడానికి సిగ్గేసి, చేతిసంచిలో ఉన్న చిన్న పర్సులో వేశాను. పెళ్లికి మా అమ్మ తన కమ్మలు చెరిపించి చేయించినవి అవి.

సంత బాగానే జరిగింది. తిరిగి వచ్చేటప్పుడు ఒకటే బస్సు, దానికి వందమంది జనం. డోర్ దగ్గర తోసుకుంటున్నాం. సంచి తేలికగా అనిపించి చెయ్యి పెట్టి చూశాను. పర్సు లేదు.

అదే క్షణంలో నా వెనకే ఉన్న ఖాలా ఒక మనిషి మణికట్టు గట్టిగా పట్టుకుంది. ముప్పై ఏళ్లుంటాయేమో. గళ్ల చొక్కా, భుజాన తువ్వాలు. పిడికిలి మూసే ఉంది.

"దొంగ! కొట్టండి!" అని మొదట అరిచింది నేనే.

అంతే. నలుగురు మగవాళ్లు దిగారు. ఒకాయన వెదురు కట్టలోంచి కర్ర లాగాడు. మొదటి దెబ్బ అతని వీపు మీద పడింది.

ఖాలా అడ్డం వెళ్లింది.

"ఆగుండ్రి! మావోడే. పర్సు పట్టుకొమ్మని నేనే ఇచ్చిన. పిల్లకు తెల్వక మొత్తుకుంటున్నది."

వాళ్లు నమ్మారో లేదో తెలియదు. కానీ బురఖా వేసుకున్న పెద్దావిడ ఎదురుగా నిలబడితే కర్ర ఎత్తినాయన చెయ్యి దించాడు. ఖాలా ఆ మనిషిని బస్సు వెనక్కి నడిపించుకుపోయి, ఉర్దూలో ఏదో నెమ్మదిగా చెప్పింది. అతను పర్సు ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

కమ్మలు రెండూ ఉన్నాయి.

అయినా బస్సులో మా పక్కింటి విజయక్క ఊరుకోలేదు. "దొంగోణ్ణి మావోడంటవా ఖాలా? రేపు ఇంకొకళ్లది కొడతడు గద!"

"అవ్, కొడతడేమో" అంది ఖాలా.

కాసేపటికి తనే చెప్పింది. తమ్ముడు యూసుఫ్‌ను ఒకప్పుడు ఏదో ఊరి బస్టాండ్‌లో దొంగ అనుకుని కొట్టారట. అతని దగ్గర ఏమీ దొరకలేదు. కొట్టడం అయ్యాకే వెతికారు.

"దవాఖానల నెల రోజులున్నడు. ఎడమ చెవు పోయింది. అప్పట్నుంచి బస్సెక్కడు."

యూసుఫ్ భాయ్ ఖాలా షాపులోనే కాజాలు కుట్టేవాడు. పలకరిస్తే పలకడని, పొగరని నేను అందరితో అన్నాను కూడా.



ఆ తర్వాత విజయక్క రెండు ట్రిప్పులు రాలేదు. మూడోసారి పిలవకుండానే వచ్చి బస్సెక్కింది. తొంభైల్లో ఖాలాకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యేదాకా ఆ ప్రయాణాలు సాగాయి.

చాలా ఏళ్లకు, మేము పాల్వంచ వదిలి వచ్చేసే ముందు, అడిగాను. "ఖాలా, ఆ రోజు కొట్టమని అరిచింది నేనే. నా మీద కోపం రాలేదా?"

ఆమె మిషన్ ఆపలేదు.

"వచ్చింది. నీ చెంప పగలగొడదామనుకున్న. కానీ ఒక చెయ్యి వాని దగ్గర ఉండె, ఇంకో చేతిల చింతపండు."

ఇద్దరం కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

వెళ్లిరా ఖాలా. నీ సమాధిలో అల్లా చల్లని వెలుగు నింపాలి. నీకు సుకూన్, ప్రశాంతత దొరకాలి.