రాతిమెట్లకు స్టీలు రెయిలింగు

ఇరవై అయిదేళ్ళ వయసులో మనం చెప్పేది న్యాయమైతే చాలనుకుంటాం, ఆ న్యాయం వెళ్ళి ఎవరి నెత్తిన పడుతుందో చూసే ఓపిక ఉండదు. తొంభైల మొదట్లో నాకు అది మరీ తక్కువ. అప్పుడు ఢిల్లీలో, మునీర్కాలో రెండు అద్దె గదుల్లో నేనూ, నన్ను పెంచిన మా మేనత్తగారూ ఉండేవాళ్ళం. ఒకప్పుడు మావాళ్ళు ఏడు గుళ్ళకు ధర్మకర్తలు. నేను ఒక ఆఫీసులో వచ్చిన కాగితాలకు నంబర్లు వేసే గుమాస్తాను. అయినా మా ఇంటి మర్యాదలు తగ్గలేదు. "బాబూ, భోజనానికి దయచేయండి" అని ఆవిడ కిరసనాయిలు స్టవ్వు దగ్గర నుంచి పిలిస్తే, "వస్తున్నానండి అత్తయ్యగారూ" అని నేను మంచం దిగేవాణ్ణి (మంచానికీ స్టవ్వుకూ మధ్య రెండడుగుల దూరం).

ఆవిడ ఇల్లు కదిలేది సోమవారాలే. మెహ్రౌలీ వైపు గుట్ట మీద ఒక పాత శివాలయం, చుట్టూ కూలిన గోడలు, గుమ్మటాలు. ఎక్కడానికి ముప్పై రెండు రాతిమెట్లు, అరిగి నున్నబడ్డవి. ఆవిడ మోకాళ్ళు అంతకన్నా అరిగాయి. నేను చెయ్యి అందిస్తే "నలుగురిలో మన ఇంటి ఆడవాళ్ళు ఒకరిని ఆనుకుని నడవరు బాబూ" అనేవారు. ఒక వేసవిలో ఆ మెట్ల పక్కన స్టీలు గొట్టాల రెయిలింగు వెలిసింది. పెట్టించినాయన గుడి కమిటీ అధ్యక్షుడు, ఇనుప సామాన్ల కొట్టు లాలాజీ. అత్తయ్యగారు దాన్ని పట్టుకుని, ఆగి ఆగి, పైదాకా వెళ్ళి స్వామిని చూసి వచ్చేవారు. నాకు మాత్రం రెయిలింగే కనబడింది, దాన్ని పట్టుకున్న చెయ్యి కనబడలేదు. వందల ఏళ్ళ రాతికి చిల్లులు పొడిచి, సిమెంటు పూసి, హోటల్లో చేతులు కడిగేచోట ఉన్నట్టు ఆ మెరుపేమిటి?

"ఇది చారిత్రక కట్టడం. మీ ఇష్టం వచ్చినట్టు చెయ్యడానికి వీల్లేదు" అని నాకొచ్చిన హిందీలో లాలాజీని నిలదీశాను. ఆయన పాన్ ఒక దవడకు తోసి, "అచ్ఛా? యే మందిర్ ఆప్ కే దాదాజీ నే బన్‌వాయా థా క్యా?" అన్నాడు. మా తాతగారు కట్టించిన గుళ్ళు ఉన్నాయి, కాని వాటిలో ఒక్కదాని తాళంచెవి కూడా మా దగ్గర లేదు. ఆ సంగతి లాలాజీకి చెప్పలేక, ఇంటికొచ్చి పాత కట్టడాల ఆఫీసుకు ఇంగ్లీషులో నాలుగు పేజీల అర్జీ రాశాను. (మా వంశంలో అర్జీలు పుచ్చుకున్నవారే గాని పెట్టుకున్నవారు లేరు. మొదటివాణ్ణి నేనే.)

ఏ కాగితం మీదైనా ఇంటి పెద్ద సంతకం ముందుండాలి, అది మా ఆచారం. అందుకని అత్తయ్యగారికి మొత్తం తెలుగులో చదివి వినిపించాను.

"అయితే దాన్ని తీసేస్తారా బాబూ?"

"తీయించేదాకా నిద్రపోనండి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, "అచ్చం మా నాన్నగారు రాసినట్టే ఉంది" అంటూ మొదటి సంతకం చేశారు. నేను పొంగిపోయాను.

ఆ ఆఫీసులో కాగితం కదలదని ఊరంతా చెప్పుకునేవారు. నా కర్మకు నాది కదిలింది. రెయిలింగును కోసేసేరోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చూడ్డానికి వెళ్ళాను. లాలాజీ గొడవకు వస్తాడనుకున్నాను. ఆయన తెగిన గొట్టాలు పక్కకు పేర్చుకుంటూ, "మీరే గెలిచారు బాబూజీ. లేకిన్ మీ బువాజీ, మీ మేనత్తగారు, ఇప్పుడు మెట్లెలా ఎక్కుతారు?" అన్నాడు. "ఒకరోజు మా కొట్టుకొచ్చి, భయ్యా, పట్టుకోవడానికి ఏదైనా పెట్టించు అని ఆవిడే అడిగారు. లేకపోతే నాకేం పని?"

ఆవిడ పొరుగింట్లో మంచినీళ్ళు కూడా అడిగే మనిషి కాదు.

"ముందే ఎందుకు చెప్పలేదు? పైగా సంతకం కూడా పెట్టారు!" అన్నాను ఇంటికొచ్చి.

"అంత బాగా రాసుకొచ్చారు. నా మోకాళ్ళ కోసం చింపెయ్యమంటానా?"

మరుసటి సోమవారం మెట్ల కింద మళ్ళీ చెయ్యి చాచాను. ఆవిడ చాలాసేపు దానివంక చూసి, "పైన మనవాళ్ళెవరైనా ఉన్నారేమో చూసి రండి" అన్నారు. పరుగున ఎక్కాను. సరోజినీనగర్ క్వార్టర్స్‌లో ఉండే తెలుగు దంపతులు గంట కొడుతున్నారు. దిగి వచ్చి, "ఎవరూ లేరండి" అన్నాను. ఆవిడ చెయ్యి నా మోచేతి మీద పడింది, పిట్ట వాలినంత బరువు. ఒకటి, రెండు, మూడు మెట్లు ఎక్కాం. నాలుగో మెట్టు మీద ఉండగా పైనుంచి తెలుగు మాటలు వినబడ్డాయి. చెయ్యి తీసేశారు.

"బాగున్నారా అత్తయ్యగారూ, దర్శనానికేనా?" అని పలకరించింది దిగివస్తున్న ఆవిడ.

"అయిపోయిందమ్మా, దిగుతున్నాం" అన్నారు మా అత్తయ్యగారు, శివుడు వింటాడన్న బెరుకు కూడా లేకుండా. అని, ఒక్కరే దిగిపోయారు.

తరువాత ఆవిడ ఆ మెట్లు ఎక్కలేదు. ప్రతి సోమవారం కింద నిలబడి దణ్ణం పెట్టుకునేవారు, నేను పైకి వెళ్ళి మారేడు దళం తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఒక్క ఆకు పట్టుకుని ముప్పై రెండు మెట్లు దిగి వస్తూ, గెలిచినవాడిలా కనబడాలని ఎంత అవస్థపడేవాడో పాపం.