భూమికి ఐదు గ్రాములు

"...అంటే మీకు భూమి కూడా కారు చక్రంలాగే కనిపిస్తోందా? ఐదు గ్రాముల సీసం ముక్క కోసం పిల్ల ఉద్యోగం ఆపేస్తారా?"

భార్య కుట్టుమిషను ఆపకుండానే అడిగింది.

"నేనేం అడగరానిది అడగలేదు," అన్నాడాయన చక్రాన్ని బ్యాలెన్సింగ్ మిషనుకు ఎక్కిస్తూ. "తిరిగేదాని మీద ఒక పక్కకి బరువు తెచ్చి పడేస్తే వణుకుతుందా, వణకదా? అంతే."

ఆ షెడ్డులో సగం ఆమెది, సగం ఆయనది. ఆమె కారు సీట్లకు కవర్లు కుడుతుంది. ఆయన ఇరవై ఆరేళ్ళుగా చక్రాలకు బ్యాలెన్సింగ్ చేస్తున్నాడు. చక్రాన్ని మిషను మీద తిప్పి, ఏ పక్క తేలికగా ఉందో చూసి, రిమ్ముకు అక్కడ చిన్న సీసం ముక్క బిగిస్తాడు. మిషను సున్నా చూపించినా వదలడు. నట్టు విప్పి, చక్రాన్ని అరచుట్టు తిప్పి బిగించి మళ్ళీ చూస్తాడు. అందుకే వీధిలో అందరూ జీరో మేస్త్రి అంటారు. తొందరలో ఉన్నవాళ్ళు ఇంకేవో కూడా అంటారు.

వారంగా ఆయనకు కుదురు లేదు. కూతురికి ఒక కంపెనీ శిక్షణకు పిలుపొచ్చింది. సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహశకలాల్లోంచి లోహం తవ్వి భూమికి తెచ్చే కంపెనీ. ఇరవై ఒకటి నిండనివాళ్ళకు తల్లీ తండ్రీ ఇద్దరి సంతకాలూ కావాలి. తల్లి పెట్టేసింది. గడువు ఇవాళ సాయంత్రం ఐదింటికి. నిన్న ఆయన ఒక వ్యాను చక్రాన్ని సీసం బిగించకుండానే ఇచ్చేశాడు. డ్రైవరు తిరిగొచ్చి, "స్టీరింగు కాదు మేస్త్రీ, నా పళ్ళు కూడా ఊగుతున్నాయి," అన్నాడు. అలా జరగడం ఇదే మొదలు.

నాలుగింటికి కూతురు ఫైలుతో వచ్చింది.

"నాన్నా, ఈ చక్రం ఎంత బరువుంటుంది?"

"పదిహేను కిలోలు."

"ఇది భూమి అనుకో. వీళ్ళు ఏటా పది లక్షల టన్నులు తెస్తారనుకో. నాలుగు లక్షల ఏళ్ళు అలా తెస్తే, నీ చక్రం మీద గ్రాములో పదిలక్షో వంతు పెరుగుతుంది. నీ మిషను చూపిస్తుందా?"

"చూపించదు."

"రోజు పొడవూ తెలిసేటంత మారదు. సూర్యుడి చుట్టూ తిరిగే దారీ అంతే."

"అంతా ఒకే పక్క దించినా?"

"దించినా. ఒక పెద్ద ఆనకట్ట వెనక నిలిచే నీళ్ళే వీళ్ళు ఏడాదికి తెచ్చేదానికి వేల రెట్లు. మనమేమైనా ఊగుతున్నామా?"

"విన్నారుగా," అంది భార్య. "ఇక పెట్టండి."

ఆయన చక్రాన్ని చేత్తో ఊరికే తిప్పాడు. అది ఆగేదాకా చూశాడు.

"అయితే భయపడాల్సింది ఏమీ లేదంటావు."

కూతురు గోడ గడియారం వైపు చూసింది. నాలుగూ పది.

"ఉంది," అంది. "బరువుతో కాదు. కొన్నిసార్లు ఆ గ్రహశకలాన్నే భూమి దగ్గరికి నడిపించి తెస్తారు. ఆ దారి లెక్క తప్పితే మీద పడుతుంది. భూమి కదలదు. పడ్డచోట ఊరుండదు."

కుట్టుమిషను ఆగింది.

"నోట్లో మాట నిలవదు కదే నీకు! అచ్చం ఆయన పోలిక."

"ఆ లెక్క ఎవరు చూస్తారు?" అన్నాడాయన.

"నన్ను తీసుకుంటున్నది దానికే."

ఆయన బయటికి వెళ్ళాడు. లోపలికొచ్చి పానా తీశాడు, కింద పెట్టాడు, మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళాడు. ఎదురుగా ఎవరో కారు ఆపి హారను కొట్టారు. ఆయన అటు చూడలేదు.

"తప్పు నీ చేతి మీదుగానే జరిగితే?"

"జరగొచ్చు నాన్నా. జరగదని ఎలా చెప్పను?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. వేళ్ళ సందుల్లో నలుపు పోలేదు.

"జరగొచ్చనుకునేవాళ్ళే రెండోసారి తిప్పి చూస్తారు. కాయితం ఇటివ్వు," అన్నాడు. "సంతకం పెడతాను."